కనకవ్వ గోజాడిన తీరు

మగ్గం గుంటలో కూర్చున్న ఎల్లన్న కండెలు కావలసినప్పుడు అడ్డపోగు నేసే నాడెతో మగ్గం కర్రను కొడతాడు. టక్, టక్. కనకవ్వ రాట్నం దగ్గర నుంచి లేచి, నూలు చుట్టిన కండెలు తీసుకెళ్లి అతని పక్కన పెడుతుంది. అన్నం కావాలంటే చెంబును గచ్చు మీద చప్పుడు చేస్తాడు. సిద్దిపేటలోని ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య ఏళ్ల తరబడి నడిచిన భాష అదే.

అది 1984లో మొదలైంది. ఆ ఎండాకాలం కనకవ్వ కామెర్లతో దవాఖానలో పడింది. బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. పక్క మంచం మీది కిష్టవ్వ రోజూ లేచి వచ్చి, ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. బతికి బయటపడ్డ కనకవ్వ బాప్తిస్మం తీసుకుంది, బొట్టు తీసేసింది. కులపోళ్లు ఎల్లన్నను నడిబజారులో నిలబెట్టి నవ్వారు.

"ఏమిరా ఎల్లన్నా, నీ పెండ్లాం బొట్టు తీసిందట గదా. ఇంతకూ నువ్వున్నవా, పోయినవా?"

ఎల్లన్న ఇంటికొచ్చి గడపలోనే నిలబడి, "ఇగ నీతోని మాట్లాడితే మన కులదేవుడు మార్కండేయుని మీద ఒట్టు" అన్నాడు.

నవ్వినవాళ్లలో కొందరు తర్వాత మరమగ్గాల పనికి భివండీ పోయారు, కొందరు చచ్చిపోయారు. ఒట్టు మాత్రం ఆ ఇంట్లోనే మిగిలిపోయింది.

మొదట కనకవ్వ కూడా రోషపడింది. కొన్నాళ్లకు ఆ రోషం అరిగిపోయింది. ఆమెకు కావలసింది ఒక్క మాట. తిట్టయినా సరే.

ఆదివారం ప్రార్థన ఒక కిరాయి గదిలో జరిగేది. పాస్టరయ్య గుంటూరు వైపు మనిషి. ఒక విధవరాలు న్యాయాధికారి చుట్టూ తిరిగి తిరిగి, అతన్ని విసిగించి న్యాయం చేయించుకున్న కథ చెప్పి, "అట్లా దేవుణ్ణి గోజాడాలమ్మా, విడిచిపెట్టకూడదు" అన్నాడు. ఆ మాట కనకవ్వ ఎన్నడూ వినలేదు.

"గోజాడుడంటే ఏందే?" అని కిష్టవ్వ చెవిలో అడిగింది.

"గోస జెప్పుకునుడే. ఆంధ్రోళ్లు గట్లంటరు" అంది కిష్టవ్వ, అంతా తెలిసినదానిలా.

పాస్టరయ్య అన్నది వెంటపడి అడగమని. కనకవ్వకు అందింది తను పడే గోసంతా చెప్పుకోమని. గోసకు ఆమె దగ్గర కొదవేముంది? మర్నాటి నుంచి రాట్నం తిప్పుతూ గట్టిగా చెప్పుకోవడం మొదలుపెట్టింది.

"ప్రభువా, పన్ను సలుపుతుంది, గంజి గూడ దిగుతలేదు. సొసైటీల పాడు నూలిచ్చిన్రు, పట్టుకుంటే తెగుతుంది. నా మొగనికి నోరియ్యి ప్రభువా. ఒక్క మాట."

మగ్గం అదే అర్రలో ఉంది. నాడె అటూ ఇటూ పోతూనే ఉండేది.

మరునాడు రాట్నం పక్కన లవంగాల పొట్లం కనిపించింది. కనకవ్వ ఒక లవంగం పంటి కింద పెట్టుకుని, "స్తోత్రం ప్రభువా, మందు పంపినవు" అంది. నాడె ఆగి, మళ్లీ కదిలింది.

అట్లా రాట్నం కాలు విరిగిందంటే కొత్త కాలు వచ్చింది. కడవ కారుతుందంటే వేరే కడవ వచ్చింది. ప్రతిసారీ స్తోత్రం పైకే పోయింది. తెచ్చిందెవరో ఆమెకు తెలియక కాదు. మాట్లాడని మనిషికి మెప్పెందుకని పట్టింపు.

అడిగినవన్నీ వచ్చాయి, ఆ ఒక్కటి తప్ప. ఏళ్లు గడిచాయి. పాస్టరయ్య మారి ఇంకొకరు వచ్చారు. ఆదివారం ఆమె మనవి చెప్పుకోవడానికి లేస్తే, పక్కవాళ్లు ముందే నిట్టూర్చేవారు. ఆమె గొంతు కూడా చదును పడిపోయింది. నూలు చుట్టినట్టే ప్రార్థన చుట్టేది.

1990 దాటాక ఒక వానాకాలం అర్ర పెంకులు పగిలి రాట్నం మీద నీళ్లు కారాయి. ఆ గోసా చెప్పుకుంది. వాన తెరిపి ఇవ్వగానే ఎల్లన్న పెంకులు తెచ్చి, నిచ్చెన వేసుకుని ఎక్కాడు. కనకవ్వ కింద నిచ్చెన పట్టుకుంది.

పని ముగిశాక ఎల్లన్న మగ్గం గుంటలోకి దిగాడు, ఆమె రాట్నం ముందు కూర్చుంది. చెయ్యి లేవలేదు.

"ప్రభువా, ఇల్లు కప్పించినవు, స్తోత్రం. ఇగ నాతోని గాదు. నోరు నొచ్చింది. ఆ ఒక్కటి నువ్వియ్యవు. రేపటిసంది అడగ."

మగ్గం ఆగింది. ఆమె టక్ టక్ కోసం ఎదురుచూసింది. అది రాలేదు. ఎల్లన్న ఆమె వైపు చూడలేదు. తలెత్తి కొత్త పెంకుల వైపు చూశాడు.

"ఓ యేసయ్యా, నువ్వే చెప్పు. పెంకులేసింది నువ్వా నేనా? నిచ్చెన నువ్వెక్కినవా? లవంగాలు దుకాణంలకెల్లి నువ్వు దెచ్చినవా? ఇన్నేండ్లసంది చేసుడు నాది, స్తోత్రాలు నీకా?"

కనకవ్వకు అప్పుడు తట్టింది. ఒట్టు ఆమెతో మాట్లాడనని. దేవుడితో మాట్లాడనని కాదు. ఆమె కూడా పెంకుల వైపే చూసింది.

"ప్రభువా, నిచ్చెన పట్టుకున్నదెవరో గూడ చెప్పు. కాలు జారుతదేమోనని నా పానం పోయింది."

"గా ముక్క నోటితోని అంటే నోరు అరుగుతదా, అడుగు యేసయ్యా."

"నోరు కుట్టుకున్నదెవరో అడుగు ప్రభువా."

ఎల్లన్న దగ్గాడు. అది నవ్వో కాదో తెలియలేదు. ప్రార్థన ఫలించినట్టా కానట్టా అన్నది కనకవ్వకూ తెలియలేదు. మాట వచ్చింది, తన పేరు మీద కాదు. దాని గురించి దేవుడితో పోట్లాడే ఓపిక ఆమెకు లేదు.

"యేసయ్యా, కండెలు ఒడిసినయని చెప్పు" అన్నాడు ఎల్లన్న.

ఆ పూట ఆమె ఇంకా ఒక్క కండె కూడా చుట్టలేదు. కనకవ్వ రాట్నం ముందుకు జరిగి, పోగు అందుకుంది.

"జర ఆగుమను ప్రభువా. చుడుతున్న."