తలవైపు పలక మీది పేరు

శవాల పెట్టెలు చేసి బతికే ఇంట్లో పుట్టినవాడు దయ్యాలకు భయపడితే ఆ పూట పొయ్యి వెలగదు. నాకు వాటి మీద ఏనాడూ నమ్మకం లేదు. ‘ఆ పని చేస్తావు, భయం వేయదా?’ అని దోహాలోని నజ్మాలో మెస్సుకు వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. చనిపోయినవాళ్లు నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, ఇబ్బందంతా కార్గో కౌంటర్‌లో సంతకాలు పెట్టేవాళ్లతోనే అని నవ్వేసేవాణ్ని.

ఇప్పుడు అలా నవ్వలేకపోతున్నాను. ఏం జరిగిందో జరిగినట్టు చెబుతాను. చనిపోయిన ఇద్దరి పేర్లూ మార్చాను. ఊర్ల పేర్లు రాయడం లేదు.

మాది జగిత్యాల వైపు వడ్రంగుల కుటుంబం. దోహాకు ముందు వచ్చింది మా తాత. కంపెనీలో సెంట్రింగ్ పని. ఖతర్‌లో శవాన్ని కాల్చడానికి చోటు లేదు, హిందువు చనిపోతే ఎలాగైనా ఇంటికి పంపాల్సిందే. తాత గదిలో ఉండే మనిషి ఒకాయన నిద్రలోనే పోతే, పెట్టె దొరక్క నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచారట. శుక్రవారం డ్యూటీ లేదు. యంత్రాలు వచ్చిన ప్యాకింగ్ చెక్కలు అడిగి తెచ్చుకుని తాతే ఒక పెట్టె చేశాడు. ఆ తర్వాత ఏ క్యాంపులో ఎవరు పోయినా ఆయన కోసమే మనిషిని పంపేవారు. కొన్నేళ్లకు ఆయన కఫీల్, అంటే స్పాన్సర్ అయిన అరబ్బు, మెసైమీర్ దగ్గర చిన్న షెడ్డు ఇచ్చి, ఇదే పని చేసుకో అన్నాడు. తాత తర్వాత బాపు, బాపు తర్వాత నేను. మూడు తరాలుగా అదే షెడ్డు.

తాతకు ఒక పద్ధతి ఉండేది. పెట్టె పూర్తవగానే, లోపల మనిషిని పెట్టకముందే, తలవైపు పలక మీద వడ్రంగి పెన్సిల్‌తో తెలుగులో రాసేవాడు. పేరు, ఫలానా తల్లి కొడుకు, ఊరు, జిల్లా. దాని కింద ఒక గీత, పెన్సిల్ ఎత్తకుండా పలక అంచుదాకా. మూడో తరగతి చదువు ఆయనది. అక్షరాలు పెద్దవిగా, తలకట్లు పొడుగ్గా ఉండేవి. కాగితాలన్నీ ఉండగా ఇదెందుకని చిన్నప్పుడు ఒకసారి అడిగాను.

“కాయితం ఇంగ్లీషుల ఉంటది, అరబ్బీల ఉంటది. వాని తల్లికి గది సమజైతదా? పేరు రాసినంకనే మనిషిని పెట్టాలె బిడ్డా. మనిషిని పెట్టినంక పేరు దేవులాడద్దు” అన్నాడు.

తాత పోయి తొమ్మిదేళ్లయింది. బాపు ఆ పద్ధతి తప్పలేదు. నేనే తప్పాను. నేను డిగ్రీ చదివాను, కంప్యూటర్‌లో లేబుళ్లు ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి అతికిస్తాను. కార్గోలో ఒక ఆఫీసరు ఆ పెన్సిల్ రాత చూసి ఇదేం గీతలు, తుడిచేయమన్నాడు. నాకు సిగ్గేసింది. మోకాలి ఆపరేషన్‌కు బాపు కరీంనగర్ వెళ్లిన రోజు నుంచి రాయడం మానేశాను. చెబితే తిడతాడని ఆయనకు చెప్పలేదు.

ఆయన వెళ్లిన మూడో వారంలో ఒక కంపెనీ పికప్ టైరు పేలి బోల్తా కొట్టింది. ఇద్దరు పోయారు. నడుపుతున్నది కడప జిల్లా ఖాజా. పక్కన కూర్చున్నది మా జగిత్యాల మల్లేశం. ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు, ఒకే ఎత్తు. ముఖాలు చూపించే స్థితిలో లేవు, ఇంటివాళ్లను పెట్టె తెరవొద్దని చెప్పమని ఆస్పత్రివాళ్లు మరీ మరీ చెప్పారు. ఖాజాను ఇక్కడే ఖననం చేయవచ్చు. కానీ వాళ్లమ్మ ఒప్పుకోలేదు, భర్త సమాధి పక్కనే కొడుకు ఉండాలంది.

రెండు పెట్టెలూ ఒకే కొలత. కొత్త ప్లైవుడ్ తెచ్చి నేనే చేశాను. మార్చురీలో ఇద్దరినీ లోపల పెట్టించి మూతలు బిగించాను, సీళ్లు వేశారు. లేబుళ్లు నా సంచిలోనే ఉన్నాయి. ఇంతలో గేటు పాసు కోసం పిలిస్తే వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇంకో శవం తేవడానికి దారి కావాలని, అక్కడి పనివాళ్లు “యల్లా, జల్దీ జల్దీ” అంటూ నా ట్రాలీలు రెండూ అటూ ఇటూ జరిపేశారు. ఎడమవైపుది మల్లేశం అనుకున్నాను, లేబులు అతికించాను. కుడివైపుది ఖాజా. అంతే. ఆ క్షణంలో నాకు ఏ అనుమానమూ రాలేదు.

సాయంత్రం కార్గోలో అప్పగించేటప్పుడు ఎప్పటిలాగే రెండు పెట్టెలకూ తలవైపు నుంచి ఫోటోలు తీశాను. అవి ఇప్పటికీ నా ఫోన్‌లో ఉన్నాయి. ఖాళీ పలక, దాని మీద లేబులు. ఇంకేమీ లేదు.

మర్నాడు పొద్దుటి విమానంలో అవి హైదరాబాద్ వెళ్లాయి. అన్నం తిని షెడ్డులో చెక్క కోస్తుంటే ఫోన్ మోగింది. మల్లేశం కోసం వచ్చిన అంబులెన్స్ డ్రైవర్.

“అన్నా, కాయితం మీద మల్లేశం అనున్నది. పెట్టె మీద పెన్సిల్‌తోని ఖాజా, బీబీజాన్ కొడుకు, కడప జిల్లా అని రాసిన్రు. నేను జగిత్యాల పోవాల్నా, కడప పోవాల్నా?”

నేనేమీ రాయలేదే అన్నాను. అతను ఫోటో పంపాడు. పెద్ద అక్షరాలు, పొడుగు తలకట్లు, కింద గీత. నాకు అక్షరాల కంటే ముందు ట్రాలీలు గుర్తొచ్చాయి. వాటిని జరిపారు. నేను చూడకుండా అతికించాను. రంపం ఆపేసి అతనికి తిరిగి ఫోన్ చేశాను.

ఆ బండి జగిత్యాల చేరి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ముఖం చూపించే ఏర్పాటు లేదు. మల్లేశం తల్లి రాజవ్వ తన కొడుకనుకుని ఖాజాకు కొరివి పెట్టించేది. బీబీజాన్ తన కొడుకనుకుని మల్లేశాన్ని మట్టిలో పెట్టించేది. ఒక్కసారి కాల్చాక ఇంక ఎవరు మాత్రం ఏం చేయగలరు? ఇద్దరు తల్లులకూ నేను చేయబోయిన ద్రోహం అది.

బండి కదపొద్దని బతిమాలాను. కడప బండి డ్రైవర్ ఇంకా కార్గో గేటు బయటే టీ తాగుతున్నాడు. అతని పెట్టె కూడా చూడమన్నాను. లేబులు మీద ఖాజా. పలక మీద అదే చేతిరాతలో మల్లేశం, రాజవ్వ కొడుకు, జగిత్యాల జిల్లా. అధికారుల ఎదుట సీళ్లు తీయించి లోపల శవాలకు కట్టిన ఆస్పత్రి నంబర్లు చూసేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నర నేను ఫోన్ చెవికి ఆనించుకుని షెడ్డులోనే కూర్చున్నాను. పెన్సిల్ రాతే నిజం. నా లేబుళ్లే తప్పు. పెట్టెలు మార్చుకుని రెండు బండ్లూ బయల్దేరాయి.

తల్లుల పేర్లు పాస్‌పోర్టులో ఉంటాయి, అదేమీ పెద్ద వింత కాదు. హైదరాబాద్‌లో ఎవరైనా రాసి ఉండొచ్చు కదా అని నేనే నాతో వాదించుకున్నాను. కార్గో సూపర్‌వైజర్‌ను అడిగాను, లోడింగ్ వాళ్లను అడిగించాను. ఎవరూ రాయలేదన్నారు. రాసినా, చేతిలో ఉన్న కాగితం చూసి రాస్తారు. కాగితం చూసి రాస్తే నా తప్పే మళ్లీ రాసేవారు. సీలు వేసిన మూత కింద ఎవరున్నారో ఆ సమయానికి భూమ్మీద ఎవరికీ తెలియదు. అతికించిన నాకే తెలియదు.

ఫోటో బాపుకు పంపాను, ఏమీ రాయకుండా. పది నిమిషాల తర్వాత ఆస్పత్రి మంచం మీద నుంచే ఫోన్ చేశాడు.

“తాత రాత గదరా ఇది. గీ పాత పెట్టె ఏడ దొరికింది నీకు?”

“పాతది కాదు బాపూ. మొన్న నేను చేసిందే.”

ఫోటో పెద్దది చేసి చూస్తున్నాడేమో. తర్వాత మెల్లగా అన్నాడు, “గీత సూడు. కాయితం మీదికెల్లి పోయింది.”

అప్పటిదాకా నేను గమనించలేదు. పేరు కింద గీసిన గీత పలక మీద మొదలై, నేను అతికించిన ప్లాస్టిక్ కవర్ మీదుగా సాగి, అంచుదాకా వెళ్లింది. అంటే లేబులు అతికించాకే గీశారు. కార్గోలో నేను తీసిన ఫోటోలో ఆ గీత లేదు. పైగా నున్నటి ప్లాస్టిక్ మీద వడ్రంగి పెన్సిల్ పడదు. కావాలంటే మీరే గీసి చూడండి. నేను చాలాసార్లు గీసి చూశాను.

రాయడం మానేశానని అప్పుడు ఒప్పుకున్నాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. “నువ్వు మరిశినవు. ఆయన మరువలే” అన్నాడు. ఆయన ఏడవడం అదే మొదటిసారి విన్నాను. నాకు భయం వేయలేదు. ఒళ్లంతా పులకరించింది. ఎంతో పెద్ద మనిషి ముందు అనుకోకుండా నిలబడ్డట్టు, తెలియకుండానే చెప్పులు విడిచాను.

నాలుగో రోజు బీబీజాన్ ఫోన్ చేసింది. రెండోసారి మోగాక ఎత్తాను.

“మావోణ్ని వాళ్ల నాయన పక్కనే పెట్టినాం నాయనా. నువ్వు చల్లగుండాల. పేరు గూడా ఎంత బాగా రాసి పంపించినావు, మా మనవడు సదివి ఇనిపించినాడు” అంది. ఆ పలక ఊడదీసి ఇంట్లో దాచుకుందట. ఆమె బండికి మారిన పెట్టె అదే, ఆమె కొడుకు పేరున్నదే.

రాసింది నేను కాదమ్మా అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే మొత్తం చెప్పాలి. కొడుకును మట్టిలో పెట్టి వచ్చిన తల్లికి, పెట్టింది నీ కొడుకునో కాదోనన్న అనుమానం జీవితాంతం మిగిల్చాలి. సరేనమ్మా అన్నాను. రాజవ్వకు కూడా చెప్పలేదు. గోదావరిలో అస్థికలు కలిపామని వాళ్లవాళ్లు కబురు చేస్తే మంచిదన్నాను.

ఆ ఇద్దరు తల్లులూ ఎవరి కొడుకును వాళ్లే సాగనంపారు. అంతవరకు నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలను. దోహాలో విమానం ఎక్కిన ఖాళీ పలకల మీద, హైదరాబాద్‌లో దిగేలోపు వాళ్ల పేర్లు ఎలా వచ్చాయని అడిగితే మాత్రం, ఫోన్ తీసి ఖాళీ పలక ఫోటో, పేరున్న పలక ఫోటో పక్కపక్కన పెట్టి చూపిస్తాను.