ఐసు మీద ఉప్పు

ఏటా ఎండలు ముదరకముందే మా ఇంటికి కైకలూరు నుంచి ఒక ఐసు పెట్టె వస్తుంది. లోపల పెద్ద బొచ్చె చేప ఉంటుంది. మా ఆవిడ పులుసు పెట్టి తలకాయ ముక్క నాకే వేస్తుంది. నేను లొట్టలు వేసుకుంటూ తింటాను. తిన్నాక మాత్రం నిద్ర పట్టదు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఆ చేపే. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులు. విజయవాడ వన్ టౌన్‌లో ఒక చిన్న ల్యాబులో పనిచేసేవాణ్ణి. ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకురావడం నా పని. కైకలూరులో చేపల వ్యాపారం చేసే రాఘవులు గారికి లివర్ పూర్తిగా చెడిపోతే, ఆయన భార్య ఆదిలక్ష్మి గారు తన లివర్‌లో ముక్క ఇచ్చారు. ఆపరేషన్ హైదరాబాదులో జరిగింది. “మా ఆవిడ ముక్క నా లోపలే ఉందండీ, ఇంక ఎదురు చెప్పే యోగం లేదు,” అని నవ్వేవారాయన.

వారం వారం ఆయన రక్తం పరీక్షించి, ఫలితం హైదరాబాదు సర్జన్ గారికి ఫోనులో చెప్పాలి. అందులో సీఆర్పీ అనే అంకె ముఖ్యం. ఒంట్లో ఎక్కడైనా వాపో చీమో మొదలైతే, చాలాసార్లు జ్వరం కంటే ముందే అది రక్తంలో పెరుగుతుంది. కొత్త లివర్‌కు ముప్పు రాబోతోందా అన్నది సర్జన్ గారు దాన్ని చూసి పసిగట్టేవారు.

ఆ రోజు నాకు సెగగడ్డ లేచింది. ఎక్కడంటే, కూర్చోవడానికి వీల్లేని చోట. కైకలూరు దాకా బస్సులో నిలబడే వెళ్లాను. పైగా సాయంత్రం హనుమాన్ జంక్షన్‌లో పెళ్లిచూపులు. రక్తం తీశాక చూస్తే, నా ఫ్లాస్కులో ఐసు కరిగిపోయింది. రాఘవులు గారు ఊరుకుంటారా? “ఐసు సంగతి మాకొదిలెయ్యండి. కలకత్తా దాకా చేపలు పంపేవాళ్లం, బెజవాడకి గొట్టంలో రక్తం పంపలేమా?” అంటూ దంచిన ఐసు గొట్టాల చుట్టూ దట్టించి, చల్లదనం పెరగాలని పైన గుప్పెడు ఉప్పు చల్లారు. రక్తం ఐసులా గడ్డకట్టుకుపోకూడదని నాకు తెలుసు. అంత పెద్దమనిషి అంత సరదాగా చేస్తుంటే వద్దనలేకపోయాను.

ల్యాబుకు వచ్చి చూస్తే గొట్టాల్లో రక్తం రాయిలా ఉంది. కరిగాక కిళ్లీ ఉమ్ములా ఎర్రటి నీళ్లు మిగిలాయి. పరీక్షకు పనికిరాదు. మా డాక్టరు గారికి చెప్పి మళ్లీ కైకలూరు వెళ్లాలి. వెళితే పెళ్లిచూపులు గోవిందా. నేనేం చేశానో తెలుసా? వెనక గదిలోకి వెళ్లి, నా జబ్బకు నేనే పట్టీ బిగించుకుని, నా రక్తం తీసి ఆయన పేరు అంటించాను. నేను దుక్కలా ఉన్నాను, రిపోర్టు శుభ్రంగా వస్తుంది, వచ్చే వారం ఎలాగూ ఆయన రక్తమే వెళుతుంది అనుకున్నాను. మరి సెగగడ్డ? కూర్చోలేక అల్లాడుతున్నవాడికి అది గుర్తు రాకపోవడమేమిటి? గడ్డ వెనక ఉంది, రక్తం చేతిలోంచి కదా అన్నట్టుంది ఆనాటి నా తెలివి.

పెళ్లిచూపుల్లో ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాను. సిగ్గనుకుని అమ్మాయి ఒప్పుకుంది.

మర్నాడు ఫలితం విని సర్జన్ గారు మా డాక్టరు గారితో, “లివర్ పరీక్షలు పెళ్లికొడుకులా ఉన్నాయి, సీఆర్పీ మాత్రం మండిపోతోంది. వెంటనే పంపించండి,” అన్నారట. పెళ్లికొడుకు రక్తమే మరి! అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. అక్కడ మళ్లీ పరీక్ష చేసి, ఏమీ లేదని తిప్పి పంపుతారులే అని సర్దుకున్నాను.

కానీ హైదరాబాదు చేరిన మర్నాడే ఆయనకు నిజంగానే చలిజ్వరం వచ్చింది. లివర్ నుంచి వచ్చే పిత్తనాళం దగ్గర ఇన్ఫెక్షన్. మనిషి ఆసుపత్రిలోనే ఉన్నాడు కాబట్టి వెంటనే మందులు పడ్డాయి. ఆలస్యమైతే కొత్త లివర్ దక్కేది కాదన్నారు.

తిరిగి వచ్చాక భార్యాభర్తలిద్దరూ నేరుగా మా ల్యాబుకే వచ్చారు. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు.

“జ్వరం రాకముందే నా రక్తం చెప్పేసిందంటండీ! మీ చేతి చలవేనండీ. ఆ రోజు నా రక్తం తెచ్చింది మీరే కదండీ?”

“అవునండీ,” అన్నాను.

“మా ఐసు కూడా పనిచేసిందన్నమాట!”

“చేసిందండీ.”

ఆయన పగలబడి నవ్వారు. ఆదిలక్ష్మి గారు మాత్రం తన కడుపు మీద కుట్ల దగ్గర చెయ్యి పెట్టుకుని, కన్నీళ్లతో నన్నే చూస్తున్నారు. నేను తల దించుకున్నాను. అణకువ అనుకున్నారు.

నేను పంపాలనుకున్నది శుభ్రమైన రిపోర్టు. ఆ గడ్డే లేకపోతే అదే వెళ్లేది. జ్వరం వచ్చినా, రిపోర్టు బాగుంది కదా అని ఒక మాత్ర వేసుకుని ఆయన ఇంట్లోనే పడుకునేవారు. ఆయనతోపాటు ఆవిడ ఇచ్చిన ముక్క కూడా పోయేది. నన్ను కాపాడింది నా సెగగడ్డ. ఇది తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ వెంటనే ఆవిడ కుట్లు గుర్తొస్తాయి. ఇంతకీ ఆయన అసలు రక్తం ఆ రోజు ఏం చెప్పేదో? దాన్ని నేనే సింకులో పారబోశాను. ఇక ఎవరికీ తెలియదు.

ఆ రక్తం నాది. ఆయనది కాదు. ఇంతకాలానికి ఈ మాట బయటికి అనగలిగాను. మీరు క్షమించాలని కాదు, విన్నారు, చాలు. గుండె కాస్త తేలికపడింది.

ఈ ఏటి పెట్టె పొద్దున్నే వచ్చింది. మా ఆవిడ మూత తీస్తోంది. ఐసు మీద గుప్పెడు ఉప్పు చల్లే ఉంది.