కంప్యూటర్‌కు పెట్టిన బొట్టు

బద్వేలులో పెద్దసుబ్బయ్య శెట్టి చింతపండు అంగడి ఎక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా వేలెత్తి చూపిస్తారు. ఆ అంగడి మీద ఒక గది ఉందనీ, ఊళ్లో సగంమంది ఆడపిల్లలు మొదటిసారి కీబోర్డు మీద వేలు పెట్టింది అక్కడేననీ మాత్రం ఇప్పుడెవరికీ గుర్తులేదు. మేలు మరిచిపోవడంలో ఊళ్లన్నీ ఒక్కటే, మా బద్వేలేమీ తక్కువ తినలేదు.

ఆ గది నడిపింది శెట్టిగారి భార్య నాగరత్నమ్మ. పెళ్లికి ముందే కడపలో డిగ్రీ, ఆపైన కంప్యూటర్ డిప్లొమా చేసింది. అత్తింట్లో కొన్నేళ్లు చింతపండు గింజ తీసి తీసి, ఒకరోజు ధైర్యం చేసి భర్తను అడిగింది. "పైన ఖాళీగా ఉండే గదే గదా, పెట్టుకో" అన్నాడాయన. ఒప్పుకోవడమో, వదిలించుకోవడమో ఆమెకు ఈనాటికీ తేలలేదు. రెండువేల రెండులో కంప్యూటర్ సెంటర్ బోర్డు లేచింది. అంతవరకూ శెట్టెమ్మగా ఉన్న మనిషి ఒక్క వారంలో మేడమ్ అయిపోయింది.

ఎంత బాగుండేవి ఆ రోజులు! పోరుమామిళ్ల నుంచి, కలసపాడు నుంచి పిల్లలు బస్సుల్లో దిగేవాళ్లు. మౌసును ఎలుకను పట్టుకున్నట్టే భయంభయంగా పట్టుకునేవాళ్లు. మొదటి రోజు అందరికీ బొమ్మ వేయడమే పాఠం. ఒకరు ఇల్లు, ఒకరు కొండ, ఒకరు కోడిపుంజు. ఆ బొమ్మలన్నీ పిల్లల పేర్లతో దాచిపెట్టేది నాగరత్నమ్మ. రెండో రోజు నుంచి ఒకటే శాసనం: తెర మీద ఏమి రాసుందో చదవకుండా ఎంటర్ కొట్టకూడదు. కొట్టినవాళ్లకు ఆమె చూపు చాలు, మళ్లీ జన్మలో కొట్టరు.

తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి, పిల్లలు తగ్గారు, కంప్యూటర్లు ఒక్కొక్కటే మూలపడ్డాయి. చివరికి ఒక్కటి మిగిలింది, పిల్లల బొమ్మలున్నది. అదీ కొన్నాళ్లుగా నడవడం లేదు. ఈ ఏడు చింతపండు పంట ఇరగకాసింది. మూటలు పెట్టను తావు లేదని శెట్టిగారి కన్ను పైగది మీద పడింది.

"ఆ కంప్యూటర్ నడిస్తే నీ గది నీకే. నడవకపోతే సోమవారం పాత సామాన్ల బండికేస్తా. మళ్లా ఏడవగూడదు" అన్నాడాయన.

"నడిపిస్తా చూడండి" అంది నాగరత్నమ్మ. అది పోతే తాను మళ్లీ ఉత్త శెట్టెమ్మ. అంగడి గల్లాపెట్టె దగ్గర కూర్చుని "ఏం కావాలమ్మా" అనడమే మిగులుతుంది.

పోరుమామిళ్లలో జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడిపే విశ్వాసమ్మ ఒకప్పుడు ఈమె శిష్యురాలే. సంగతి వినగానే ఒక పెన్‌డ్రైవ్ పంపించింది. "పాత విండోస్ ఇంక పనికిరాదు మేడమ్. దీంట్లో శానా తేలికైన లినక్స్ వేసినా. ముసిలి కంప్యూటర్‌కు గంజన్నం మాదిరి, బాగా అరుగుతాది" అని ఫోన్‌లో చెప్పింది.

అరగలేదు. మొదట పెన్‌డ్రైవ్‌నే పట్టించుకోలేదు కంప్యూటర్. లోపల సెట్టింగుల్లోకి వెళ్లి పెన్‌డ్రైవ్‌ను ముందు వరుసలో పెడితే, ఆపిన ప్రతిసారీ ఆ మాట మరిచిపోతోంది. పైగా తెర మీద తేదీ చూస్తే జనవరి ఒకటి, రెండువేల రెండు! నాగరత్నమ్మ ఆ అంకెలను వేలితో తడిమింది. బోర్డు కట్టిన ఏడాది. దీనికింకా ఆనాటి పొద్దే పొడుస్తోందన్నమాట. లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోతే అలాగే అవుతుందని ఆమెకు తెలుసు. తెలిసినా, మార్చబుద్ధి కాలేదు. మార్చింది.

ఈసారి పెన్‌డ్రైవ్ అందుకుంది గానీ, ఇది అరవైనాలుగు బిట్ల సరుకు, నా ప్రాసెసర్‌కు పడదు అని మొండికేసింది. విశ్వాసమ్మ నాలుక కరుచుకుని, ముప్పైరెండు బిట్లది వేసి మరో పెన్‌డ్రైవ్ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపింది.

ఆదివారం మధ్యాహ్నం ఇన్‌స్టాల్ మొదలుపెట్టింది. కింద శెట్టిగారు మూటలు లెక్కపెడుతున్న గొంతు పైకి వినిపిస్తోంది. తెర మీద ఏవో ప్రశ్నలు వచ్చాయి. ఆత్రంలో నెక్స్ట్, నెక్స్ట్, ఎంటర్. సగం దాకా పోయి బిగుసుకుపోయింది. మళ్లీ పెట్టింది. ఈసారి మొదట్లోనే ఆగింది. మూడోసారి దాదాపు చివరికి పోయి ఆగింది. ఎక్కడ ఆగుతుందో దానికే తెలియదు.

విసుగుపుట్టి, పోనీ కాసేపు పిల్లల బొమ్మలైనా చూద్దామనుకుంది. ఆ లినక్స్ పెన్‌డ్రైవ్ మీద కూడా నడుస్తుంది గనుక, అందులోంచే హార్డ్‌డిస్క్ తెరిచింది. బోసిగా ఉంది. ఇల్లు లేదు, కొండ లేదు, కోడిపుంజు లేదు.

డిస్కు మొత్తం చెరిపేయనా అని అది మర్యాదగానే అడిగింది. చదవకుండా ఎంటర్ కొట్టింది మేడమ్.

ఉంచుకోవాలనుకున్నదీ పోయింది, నడపాలనుకున్నదీ నడవలేదు. రెంటికీ చెడ్డ రేవడి అయింది. ఏడుపు ఆపుకుంటూ విశ్వాసమ్మకు ఫోన్ చేసింది.

"మీ బొమ్మలన్నీ పోగొట్టినానమ్మా. నా చేతుల్తో నేనే. నువ్వేసిన లారీ గూడా పోయింది."

అవతల విశ్వాసమ్మ ఫక్కున నవ్వింది. "ఆ లారీనా మేడమ్! దానికి చక్రాలు గుండ్రంగా యాడ వచ్చినాయి, వంకర వడల మాదిరి ఉండె. పోనీండి." అంతలోనే నవ్వు మానింది. "మీరు నేర్పింది ఆ డబ్బాలో లేదు మేడమ్, నా చేతుల్లో ఉండాది. ఈ చేతుల్తోనే గదా ఇద్దరు బిడ్డల్ని సాకుతాండా. మీరు ఏడ్చద్దండి. ఒక్కోసారి ఒక్కో తావున ఆగుతాందంటే అది ర్యామ్ రోగం. తీసి రబ్బరుతో రుద్దమని మాకు చెప్పిందెవరు?"

చెప్పింది తానే. గురువుకు పాఠం శిష్యురాలు అప్పజెప్పింది. సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. కళ్లు తుడుచుకుని స్క్రూడ్రైవర్ తీసింది.

మూత తీసి ర్యామ్ ముక్కలు ఊడబెరికింది. వాటిని గుచ్చే గాడిలో ఎర్రగా ఏదో గడ్డకట్టి ఉంది. తుప్పనుకుంది. గోటితో గీకి వాసన చూసింది. కుంకుమ! పైన సాంబ్రాణి మసి, అడుగున పసుపు. ప్రతి దసరాకూ ఆయుధపూజ నాడు పిల్లలు స్నానాలు చేసి, పూలు పెట్టుకుని వచ్చి, కంప్యూటర్లకు పోటీపడి బొట్లు పెట్టేవాళ్లు. పైమూతకు పెడితే సరస్వతమ్మకు చాలదనుకున్నారేమో, గాలి కన్నాల్లోంచి లోపలికీ చల్లినట్టున్నారు. భక్తి ముదిరితే మిషన్లకు తిప్పలే. ఎవరు పెట్టింది ఏ బొట్టో, ఎన్ని దసరాలదో. బొమ్మలు పోయినా పిల్లల చేతి గుర్తు ఇక్కడ మిగిలే ఉంది. దాన్ని కళ్లకద్దుకోవాలో ఊదేయాలో ఆమెకు తెలియలేదు. చివరికి రెండూ చేసింది. కొంచెం వేలికి తీసుకుని నుదుట పెట్టుకుంది, మిగిలింది పెయింటు బ్రష్షుతో దులిపి, ర్యామ్ అంచులను పెన్సిల్ రబ్బరుతో తళతళలాడేలా రుద్ది, మళ్లీ గుచ్చింది.

సోమవారం తెల్లవారగానే మొదలుపెట్టింది. ఈసారి తెర మీద వచ్చిన ప్రతి వాక్యమూ వేలు పెట్టి చదివింది. సగం దాటింది, ముప్పావు దాటింది, ఎక్కడా ఆగలేదు. చివర్లో, ఈ కంప్యూటర్ ఎవరిది, పేరు రాయండి అని అడిగింది. ఇన్నేళ్లూ అన్నింటికీ స్టూడెంట్ అనే పెట్టింది. ఇప్పుడు ఒక్కొక్క అక్షరమే వెతికి కొట్టినట్టు నిదానంగా తన పేరు కొట్టింది. కాసేపటికి నీలం తెర వెలిగింది, మూలన ఆ పేరే కనిపించింది. ఆమెకు దుఃఖం ఆగలేదు.

వీధిలో పాత సామాన్ల బండి కేక వినిపించింది. "ఏమే రత్నా! బండాయన వచ్చినాడు. దించుతావా, నన్ను రమ్మంటావా?" అని కింద నుంచి అరిచాడు శెట్టిగారు.

నాగరత్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని మెట్ల దగ్గరికి వచ్చింది.

"ఆయప్పను పొమ్మనండి. ఈడ క్లాసుండాది."

కింద చింతపండు మూటలను వసారాలోకి ఈడుస్తున్న చప్పుడు వినబడింది.