ఓక్సిమక్క కొన్న చేను

కొరియాలోని మా గోచాంగ్ బజారులో ఓక్సిమక్కకు ఉన్నది టోఫు కొట్టు, లేనిది నేల. నాది పక్కనే ఎండుచేపల కొట్టు కాబట్టి, ఆ లేని నేల గురించి నేను విన్నంతగా ఎవరూ విని ఉండరు. చేపలొచ్చిన థర్మోకోల్ పెట్టెలు నేను పారేస్తే ఆవిడ ఏరుకుపోయి, మట్టి నింపి, సందు పొడవునా మిరప మొక్కలు పెంచేది. మిరపకాయలు చేపల వాసన వేస్తున్నాయని నేనంటే, "ఊరికే ఇస్తే తిని, పైగా వంకలా" అనేది. మొక్క పీకినప్పుడు వేళ్ళు పెట్టె అడుగు తగిలి చుట్టలు చుట్టుకుపోయి కనిపిస్తే మాత్రం ఆవిడ మొహం చిన్నబోయేది. "వీటికి ఒక్కసారైనా అడ్డం లేని మట్టి చూపించాలే మల్‌సునా" అనేది.

ఒక ముక్క కొన్నవాళ్ళకి ఇంకో ముక్క కొసరు వేసే మనిషి డబ్బు కూడబెట్టడం మాటలు కాదు. అయినా డెబ్బై ఏళ్ళు వచ్చేసరికి కూడబెట్టింది. ఆ డబ్బు పోతే మళ్ళీ సంపాదించే వయసు కాదు.

ఆ వేసవి చివర్లో ఒకాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. పేరు ప్యో ఇన్‌తేక్, ఉండేది బుసాన్ నగరంలో అన్నాడు. కొండ కింద ఆయనకో చేను ఉంది, అమ్ముతాడట. చేలోనే వాళ్ళ తాత సమాధి. రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితంలో అదే పేరు, గుర్తింపు కార్డులోనూ అదే పేరు. సోమవారం బయానా ఇవ్వకపోతే ఇంకో బేరం సిద్ధంగా ఉందన్నాడు. నాకైతే ఏ అనుమానమూ లేదు. ఓక్సిమక్క ఒకటే అడిగింది.

"పెద్దలకి మొక్కే చుసోక్ పండగ దగ్గరకొచ్చింది కదా తమ్ముడూ. ఆదివారం వచ్చి తాతగారి సమాధి మీద గడ్డి కోసి, చేను అమ్ముతున్నానని మీ నోటితో చెప్పండి. ఆయనకి చెప్పకుండా ఆయన పక్కన నేను పార వెయ్యలేను."

"దానికేం అక్కగారూ, తప్పకుండా" అన్నాడు.

ఆదివారం కొండ నిండా గడ్డికోత మిషన్ల మోత. ఊరూరి నుంచి జనం తమ పెద్దల సమాధులకి గడ్డి కోసుకోవడానికి వచ్చారు. ఓక్సిమక్క బియ్యం కల్లు, టోఫు వేపుడు, బేరిపండ్లు సర్దుకొచ్చింది. చేలో గడ్డి నడుము లోతు ఉంది. ఆయన మిషన్ పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిరిగి, కింది గట్టు పక్కన సమాధి లాంటి ఒక మట్టిదిబ్బ కనిపించగానే మొదలుపెట్టాడు. బాగానే కోశాడు, కాదనను. కల్లు పోసి, నేలకి తల ఆనించి రెండుసార్లు మొక్కాడు కూడా.

ఆయన లేచేసరికి కింది నుంచి కొడవలి పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు. ఆ ఊరి బే గారు.

"మా అమ్మ సమాధి ఎవరు శుభ్రం చేశారా అని చూస్తున్నా. నువ్వా బాబూ? నా నడుముకి పని తప్పించావు."

మేము నవ్వాపుకోలేకపోయాం. బే గారు ఏమీ అనుకోలేదు. "అందరికీ అవుతుందిలే. నేను రెండేళ్ళు ఎవరి మామగారికో కోసి మొక్కొచ్చాను" అన్నాడు. ఇన్‌తేక్ కూడా నవ్వి, చొక్కా దులుపుకుని మిషన్ కారులో పెట్టేశాడు.

"మరి మీ తాతగారు?" అంది ఓక్సిమక్క.

"పండగయ్యాక చూద్దాంలే అక్కగారూ. రేపు బ్యాంకు దగ్గర కలుద్దాం" అని వెళ్ళిపోయాడు.

ఓక్సిమక్క కల్లు సీసా పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. "మల్‌సునా, పరాయి సమాధికి గడ్డి కోయడం తప్పు కాదే. తన తాత ఎక్కడున్నాడో వెతకలేదు చూడు."

"కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి కదక్కా. రేపు ఇంకొకడు ఎగరేసుకుపోతే?"

"పోనీ. నాకు పెట్టెలున్నాయి."

ఈ చేను వదులుకుంటే ఈ జన్మకి ఇంకోటి దొరకదని ఇద్దరికీ తెలుసు. అయినా కిందికి దిగిపోతున్న బే గారి వెనకే పరుగెత్తి ఆయన్ని పట్టుకుంది. ఆయన చుట్టాల ద్వారా బుసాన్‌లోని ప్యో ఇన్‌తేక్ ఫోన్ నంబరు సంపాదించాం. ఫోన్ ఎత్తిన మనిషి గొంతు మేమెన్నడూ విననిది.

"నేను చేను అమ్మడమేంటమ్మా? నా కార్డు నా జేబులోనే ఉంది."

సోమవారం ఆ ఇస్త్రీ చొక్కావాడి కోసం పోలీసులు బ్యాంకు దగ్గర కాపు కాశారు. వాడికి ఎలా ఉప్పందిందో, రాలేదు. ఫోనూ మూగబోయింది.

పండగ ముందు రోజు అసలు ఇన్‌తేక్ వచ్చాడు. మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళుగా రాలేదట. కర్ర ఊతంతో గడ్డిలోకి దిగి, ఎవరినీ అడగకుండా నేరుగా పైగట్టు దగ్గరున్న తీగల పొదలోకి నడిచాడు. కర్రతో తీగలు పక్కకి తోసి, "తాతా, ఆలస్యమైంది" అని కూలబడ్డాడు. ఓక్సిమక్క నన్ను మోచేత్తో పొడిచింది. మేమే కొడవళ్ళు పట్టి ఆ దిబ్బ శుభ్రం చేశాం.

కల్లు పోశాక ఆయనే అన్నాడు, "నేనిక ఏటా రాలేను. తాతని ఇక్కడే ఉండనిస్తానంటే చేను మీకే అమ్ముతానక్కా."

"ఆయన్ని ఎక్కడికి పంపుతాను? నాకు మాత్రం ఇంకెవరున్నారు మాట్లాడ్డానికి" అంది. పక్కనే ఉన్న నేను మనిషిని కానట్టు.

ఈసారి ఊరంతా విచారించి, బే గారిని సాక్షిగా పెట్టుకుని, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆయన పక్కన కూర్చుని పని పూర్తయ్యాకే డబ్బు చేతికిచ్చింది.

మరుసటి ఏడు పండగకి ముందు నన్ను చేనికి లాక్కెళ్ళింది. ముందు తాతకి గడ్డి కోశాం. తర్వాత ఆవిడ కాపు అయిపోయిన మిరపమొక్కని పట్టుకుని లాగింది. రాలేదు. ఇద్దరం కలిసి లాగితే వచ్చింది. వేరు తిన్నగా, పొడుగ్గా ఉంది. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని మట్టి తుడుస్తూ కూర్చుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొక్కకి మిగిలిన ఒక మిరపకాయ కొరికి, చేపల వాసన లేకపోతే ఏం బాగుందని ఆవిణ్ణి తిట్టాను.