తోమాసు స్నానానికి నీళ్ళు

గోదావరిఖనిలో ఆ గల్లీ వాళ్ళందరికీ తెలుసు, మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగే వేళకు సుగుణమణి పెరట్లో నీళ్ళు కాగాల్సిందే. బక్కెట్ నింపి స్నానాల గదిలో పెట్టి, తువ్వాల, సబ్బు పక్కన ఉంచి తలుపు దగ్గరికి వేస్తుంది. బొగ్గుతో నల్లబడి వచ్చే మొగుడి కోసం ఇక్కడి ఆడవాళ్ళంతా చేసే పనే. కాకపోతే ఆమె మొగుడు తోమాసు ఇంటికి రాక ఇరవై ఏళ్ళు దాటింది. పాత గనిలోకి నీళ్ళు విరుచుకుపడినప్పుడు లోపలే చిక్కుకున్నాడు. శవం దొరకలేదు, గని మూతపడింది. చర్చి పాస్టరు సమాధి కట్టిద్దామంటే ఆమె ఒప్పుకోలేదు.

"లోపట ఏం లేకుంట సమాధేంది అయ్యగారూ?" అంది.

అప్పటికి ఏడాది పిల్ల అయిన కూతురు హన్నా, ఆ బక్కెట్ చల్లారడం చూస్తూనే పెరిగింది. పెరిగి హైదరాబాదులో ఎంటెక్‌లో చేరింది, సస్టెయినబుల్ ఇంజనీరింగట. పక్కింటి కనకవ్వకు ఆ పేరు నోరు తిరగలేదు.

"గా చదువుకు బొగ్గుబాయిల కొలువొస్తదా బిడ్డా?"

"బొగ్గు కాల్చకుంట బతికే చదువు అవ్వా."

బొగ్గు తిని బతికే ఊళ్ళో ఎంత మాట! కనకవ్వ నోరు నొక్కుకుంది.

మూసిన గనుల్లో నిలిచిన నీళ్ళు లోతు వల్ల వెచ్చగా ఉంటాయి. వాటిని బోరుతో పైకి తెచ్చి చలికాలంలో దవాఖాన రోగుల స్నానాలకు ఇవ్వాలని హన్నా ప్రాజెక్టు. చలి పోయేదాకా ఆ వెచ్చదనం తగ్గదని చూపిస్తేనే డిగ్రీ. తీరా అనుమతి వచ్చింది తండ్రి ఉన్న గనికే. తల్లికి చెప్పకుండానే పని మొదలుపెట్టింది.

నీళ్ళు ఒంటి వేడితో వచ్చాయి. అంతా బాగానే ఉంది గానీ, రోజూ మొదటి షిఫ్టు దిగే వేళకు ఆ వేడి కాస్త పెరిగేది. థర్మామీటరు మార్చింది. అయినా పెరిగింది. ఆదివారం, గనులకు సెలవు రోజు మాత్రం పెరగలేదు. అది గమనించిన రోజు హన్నాకు అన్నం సయించలేదు.

హన్నా కాలేజీ ప్రొఫెసర్ జగదీశ్వర్ ప్రాజెక్టు చూడ్డానికి వస్తారనగా, ముందు రోజు తల్లి అడిగింది.

"మీ నాయిన ఉన్న నీళ్ళు ఒక బక్కెట్ తే బిడ్డా. నువ్వు చెప్పకుంటే నాకు తెల్వదనుకున్నవా?"

హన్నా తలొంచుకుని తెచ్చింది. సుగుణమణి అందులో చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"నేను రోజూ ఇంట్ల పెడుతనే ఉన్న. ఆయన రానీకి దారి లేకపాయె," అంది.

బక్కెట్ స్నానాల గదిలో పెట్టి, తువ్వాల తగిలించి, తలుపు వేసింది. ఇద్దరూ గడపలో కూర్చున్నారు. షిఫ్టు దిగే వేళయింది, బయట ఎండ కాస్తోంది. లోపల చెంబు ముంచిన చప్పుడైంది. నీళ్ళు కుమ్మరించిన చప్పుడు. మళ్ళీ ముంచిన చప్పుడు. హన్నా చప్పున లేవబోతే తల్లి చెయ్యి పట్టుకుంది.

"కూసో. మనిషి తానం చేస్తుంటే పోతరా?"

చప్పుడు ఆగాక తలుపు తీశారు. బక్కెట్ ఖాళీగా ఉంది. బండల మీదంతా బొగ్గు నీళ్ళు. తువ్వాల తడిసి నల్లగా ఉంది. సుగుణమణి దాన్ని ఉతకలేదు. జాగ్రత్తగా మడత పెట్టింది.

"సమాధి కట్టియ్యమని అయ్యగారికి చెప్పు. లోపట పెట్టనీకి ఇప్పుడున్నది," అంది. పెరట్లో పొయ్యి ఆర్పి, పడుకుని నిద్రపోయింది.

మర్నాడు ప్రొఫెసర్ బోరు నీళ్ళలో చెయ్యి పెట్టి చటుక్కున తీసేశారు. మంచులా ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం నుంచే వేడి పడిపోయిందని మీటరు చెబుతోంది.

"ఇన్నాళ్ళ కష్టం ఏమైపోయిందమ్మా? మోటారు చెడిందా?"

హన్నాకు చదువు పోయినందుకు ఏడుపొచ్చింది. అది ఒక్కందుకే కాదు.

"లేదు సార్," అంది కళ్ళు తుడుచుకుని. "మా నాయిన డ్యూటీ దిగిండు."