బండరాయి మీద కూర్చోబెట్టిన ఆంటీ

నా రాత వంకరగా ఉంటుంది, ఒత్తులు తప్పుతాయి. అయిదో తరగతితో ఆగిన చదువు నాది, మన్నించి చదవండి. మా పక్కింటి ఆంటీ పోయిన గురువారం పొద్దున నిద్రలోనే కన్నుమూశారు. మిల్టన్‌లో మన టౌన్‌హౌస్‌లలో ఉండే తెలుగువాళ్ళందరూ ఆవిడని చూసే ఉంటారు. ప్రతి మే నెలలో ఒక ఆదివారం విల్లో చెట్టు కొమ్మ పట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని మన ఇళ్ళ చుట్టూ తిరిగే తెల్లజుట్టు ఆవిడే.

వచ్చిన కొత్తలో నేను ఎవరు తలుపు కొట్టినా తీసేదాన్ని కాదు. ఇంగ్లీషు రాదు. మా ఆయన ట్రక్కు వేసుకుని వెళ్తే తిరిగొచ్చేదాకా కర్టెన్ వెనకే ఉండేదాన్ని. ఒకరోజు పాప వీధి పిల్లలతో ఆడుకోవడానికి వెళ్ళింది. కర్టెన్ సందులోంచి చూస్తే చెరువు గట్టున ఆంటీ దాన్ని చంకల కింద పట్టి ఎత్తి బండరాయి మీద కుదేస్తున్నారు. చెప్పుల్లేకుండా పరుగెత్తాను. "నా పిల్లనెందుకు కొడ్తున్నవ్?" అని తెలుగులోనే అరిచాను. పాప కిలకిలా నవ్వుతోంది. ఆంటీ తనే ఆ రాయి మీద ధబ్బున కూర్చుని, లేచి, ఇప్పుడు నీ వంతు అన్నట్టు చేయి చాపారు. నేను పిల్లని లాక్కుని ఇంటికొచ్చేశాను.

మర్నాడు ఆవిడే కేకు చేసుకుని వచ్చారు. పాప మాటలు అటూ ఇటూ మార్చి చెప్తుంటే సంగతి తెలిసింది.

ఆవిడ ఇంగ్లండ్‌లో ఒక చిన్న పల్లెలో పుట్టారు. అక్కడ రాతి వంతెన, వాగు నీళ్ళతో తిరిగే పిండిమర, గోపురం సగంలో ఆగిపోయిన చర్చి ఉన్నాయట. మిగతా గోపురం ఏమైందని అడిగితే, "మా వంటింటి గోడలో ఉంది" అనేవారు. చర్చి కోసం తెచ్చిన రాళ్ళు ఊరందరి ఇళ్ళల్లో కలిసిపోయాయట.

మ్యాపులు లేని రోజుల్లో ఊరి పెద్దలు ఏడాదికోసారి పొలిమేర వెంట నడిచేవారట. ప్రతి గుర్తునీ కొమ్మతో కొట్టి, పిల్లల్ని రాళ్ళ మీద కుదేసేవారు, జన్మంతా గుర్తుండాలని. ఒకసారి పక్క ఊరివాళ్ళు పిండిమర తమదన్నారు. అప్పుడు ఒక ముసలాయన లేచి, "మర దాటాకే కదా, పొలిమేర గుర్తుండాలని నన్ను చిన్నప్పుడు వాగులో తలకిందులుగా ముంచారు. ఆ చలి నాకింకా గుర్తుంది" అన్నాడట. మర ఆ ఊరిదే అయింది.

పెళ్ళై ఇక్కడికొచ్చాక ఆంటీ కూడా నాలాగే తలుపు వెనకే ఉన్నారట. ఆ భయం పోగొట్టుకోవడానికే ఒక మే నెలలో ఒక్కరే నడక మొదలుపెట్టారు. వాగు, మెయిల్‌బాక్సులు, స్కూలు కంచె, చివరికి ఆ బండరాయి. తర్వాత పాపతో పాటు నేనూ ఏటా వెళ్ళేదాన్ని. నాకొచ్చిన ఇంగ్లీషు సగం ఈ దారిలో నేర్చుకున్నదే.

మా ఆయన నవ్వేవాడు. "టౌన్‌హౌస్‌లకు పొలిమేరేందే? సిటీ ఆఫీసుల మ్యాపుంటది గద." ఆ మాట ఆంటీకి చెప్తే, "వాళ్ళకు తెలుసు సరే, నీ కాళ్ళకు తెలుసా?" అన్నారు.

పోయిన మే నెలలో సగం దారిలోనే ఆవిడకి ఆయాసం వచ్చింది. కొమ్మ నాకిచ్చి ముందు నడవమన్నారు. రాయి దగ్గర పిల్లల వంతు అయ్యాక నన్ను కూర్చోమన్నారు. నాకు సిగ్గేసింది. ఇది పిల్లలకు కదా అన్నాను.

"వీళ్ళు పెద్దై తలోచోటికి పోతారు. గుర్తుపెట్టుకోవాల్సింది నువ్వు."

కూర్చున్నాను.

మొన్న అంత్యక్రియలయ్యాక వాళ్ళబ్బాయి, కనాటా అనే ఊరి నుంచి వచ్చినాయన, ఇక ఆ నడక అమ్మతోనే పోయినట్టే అన్నాడు. నేను నడిపిస్తానని ఇంగ్లీషులో అన్నాను. మా ఆయన నా వంక చూసి, ఆదివారం బండి తియ్యనులే అన్నాడు.

మళ్ళీ మే వచ్చింది కదా, వచ్చే ఆదివారం పొద్దున పదింటికి వాగు దగ్గర ఉంటాను. పిల్లల్ని తీసుకుని రండి. రాయి మీద కుదేస్తే కంగారుపడకండి. ఎవరూ రాకపోతే మేం ముగ్గురమే నడుస్తాం. నా రాత నలుగురిళ్ళల్లో పడి ఉంటే నాకు సిగ్గు, చదివాక ఈ కాగితం కాల్చేయండి. దారి నాకు తెలుసు.

నిన్న వాన వెలిశాక చెరువు దగ్గరికి వెళ్ళాను. బండరాయంతా నాచు పట్టి ఉంది. పిల్లల్ని కూర్చోబెట్టే చోటు మాత్రం నున్నగా, తడిసి మెరుస్తోంది.