సచ్చిన పిల్ల తోలు

1960లల్ల సంగతి. జడ్చర్ల బస్టాండుల ఆత్మకూరు బస్సు కోసం పొద్దటి నుంచి కూర్చున్న. ఉర్దూ నుంచి నేను తెలుగు చేసిన కవితలు మళ్ళీ తిరిగొచ్చి సంచిల పడి ఉన్నయి. మొదటిసారి పత్రిక సంపాదకుడు ‘పరాయి వాసన’ అన్నడు. సీసపద్యాలల్ల బిగించి పంపితే ‘ముక్కిన వాసన’ అన్నడు. నాకు విసుగొచ్చింది, ఇంక విడిచిపెడదామనుకున్న.

పక్కన ఒక ముసలి గొర్లకాపరి ఒళ్ళె గొర్రెపిల్లను పెట్టుకొని కూర్చున్నడు. దాని మీద ఇంకో పిల్ల తోలు కట్టి ఉన్నది.

“గిదేంది తాతా?” అన్న.

“మా గొర్రెకు పుట్టిన పిల్ల సచ్చింది సారూ. దీనికేమో తల్లి లేదు. ఉత్తగ తీస్కపోతే గొర్రె తంతది. సచ్చిన దాని తోలు కడితే, తన పిల్లే అనుకొని పాలిస్తది.”

“ఎన్ని దినాలుంచుతవ్?”

“రెండొద్దులు. పాలు కడుపుల పడ్డంక దీని వాసన గొర్రెకు అలవాటైతది. అప్పుడు ఇప్పెయ్యాలె. ఇప్పకుంటే తోలు కుళ్ళుతది, పిల్ల బతకది.”

ఆయన బస్సు ముందే వచ్చింది. పిల్లను గొంగడిల కప్పుకొని ఎక్కిండు.

నా బస్సుల సీటు దొరకలే. నిలబడే, మొదటి పద్యం కట్లు విప్పుడు మొదలుపెట్టిన.